రీచ్ లక్ష దాటింది, బ్లౌజులు మాత్రం నాలుగే: మా మగ్గం షాపుకు పెట్టుకున్న సోషల్ మీడియా ఏజెన్సీ రివ్యూ

ముందే చెప్తున్న, ఏజెన్సీ పేరు ఇక్కడ రాయను, విడిగ మెసేజ్ పెట్టి అడిగినా చెప్పను. పేరు రాస్తే రేపు వాళ్ళు ఫోన్ చేసి మేడం డిలీట్ చేయండి అని సతాయిస్తరు, నాకు అంత ఓపిక లేదు. అయినా పేరుతోని పని లేదు, మాదాపూర్ నుంచి అమీర్‌పేట దాక ఇట్లాంటి ఆఫీసులు బోలెడు ఉన్నయి, నేను ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకున్న, ముగ్గురి కాగితం అచ్చు ఒక్క తీరే ఉంది, లోగో ఒక్కటే వేరే. రేటింగ్ అయితే 5కి 2 ఇస్తున్న. సున్నా ఇద్దామనుకున్న గానీ ఒకటి రెండు పనులు మంచిగనే చేసిన్రు, అది కూడా రాస్త.

మాది దిల్‌సుఖ్‌నగర్ దిక్కు, చైతన్యపురి మెట్రో దిగి గల్లీలకు నడిస్తే పది నిమిషాలు. రెండు మగ్గాలు, ఇద్దరు కారీగర్లు, బెంగాల్ పిల్లలు, మస్తు పనితనం. కటింగ్ నేను చేస్త, కుట్టుడు ఒక టైలరక్క. ఎనిమిదేళ్ళ నుంచి బోర్డు కూడా సరిగ్గ లేకుండ నోటి మాట మీదనే నడిచింది. ఒక పెళ్ళి పిల్లకు చేస్తే ఆ పెళ్ళికి వచ్చిన వాళ్ళల్ల ఇద్దరు ముగ్గురు వస్తరు, గంతే మా మార్కెటింగ్. అయితే రెండేళ్ళల్ల మా గల్లీలనే ఇంకా మూడు మగ్గం షాపులు తెరిచిన్రు, అండ్ల ఒకామె ఇన్‌స్టాల రోజుకొక రీల్ పెడ్తది, ఆమె దగ్గర ఆదివారం పూట చెప్పులు పెట్టడానికి జాగ ఉండదు. మా చెల్లె చూసి అక్కా నువ్వు ఇంకా వాట్సాప్ స్టేటస్‌లు పెట్టుకుంటనే కూసుంటవా అన్నది. ఆ మాట నాకు గట్టిగనే తగిలింది.

ఇన్‌స్టా అకౌంట్ మాకూ ఉంది, లేదని కాదు. 640 మంది ఫాలోవర్లు, పోస్టుకు ఇరవై ముప్పై లైకులు, అండ్ల సగం మా చుట్టాలు. మా ఆయన మేనమామ ఒకాయన బ్రైడల్ బ్లౌజు ఫొటో కింద కూడా గుడ్ మార్నింగ్ అని కామెంట్ పెడ్తడు, రోజూ, తప్పకుండ. టిక్‌టాక్ 2020 జూన్ ఆఖరుకు బంద్ అయినప్పుడు, తర్వాత పది రోజులకే ఇండియాల రీల్స్ వచ్చినప్పుడు మొదలుపెట్టి ఉంటే ఈపాటికి ఎక్కడ్నో ఉండేదాన్ని అని ఇప్పుడనిపిస్తది. మగ్గం పని అంటేనే రీల్ కోసం పుట్టినట్టుంటది కదా, సూది కిందికి పోయి పైకొస్తా ఉంటే పూస ఎక్కుతది, చూస్తనే ఉండాలనిపిస్తది. కానీ అప్పుడు లాక్‌డౌన్ల పెళ్ళిళ్ళే లేవు, కారీగర్లు ఊర్లకు పోయిన్రు, రీల్ ఎవరు తీస్తరు.

సరే ఏజెన్సీ కాడికి వద్దాం. అమీర్‌పేటల రెడ్ లైన్ దిగి బ్లూ లైన్ మారి మాదాపూర్ దాక పోయిన, ఏసీ ఆఫీసు, గోడ మీద పెద్ద టీవీ, కాఫీ ఇచ్చిన్రు. ఒక పిల్లగాడు ల్యాప్‌టాప్ తెరిచి గ్రాఫ్ చూపించిండు, పైకి పోతనే ఉంది గీత. నెలకు 12 పోస్టులు, 4 రీల్స్, యాడ్స్ ఖర్చు కూడా వాళ్ళదే, మూడు నెలలల్ల లక్ష రీచ్ గ్యారంటీ అని రాసిచ్చిన్రు. నెలకు 18 వేలు, మూడు నెలలవి ఒక్కసారే కడితే 48 వేలు. జీఎస్టీ అదనం అని ఆఖరి పేజీల చిన్న అక్షరాలల్ల ఉంది, 18 శాతం, అంటే మొత్తం 56,640. మా ఆయన వద్దన్నడు. నేనే, గల్లీల ఆమె షాపు ముందర చెప్పులు కండ్ల ముందట కనపడుతుంటే, కట్టేసిన.

మొదటి నెల మస్తు సంబురం. మే నెల అది, 640 ఉన్న ఫాలోవర్లు ఇరవై రోజులల్ల 7 వేలు దాటిన్రు. కారీగర్లకు కూడా చూపించిన, దీదీ అప్‌నా దుకాన్ ఫేమస్ హో గయా అని వాళ్ళు స్వీట్లు అడిగిన్రు, తెప్పించిన కూడా. వారం తర్వాత ఒక రాత్రి నిద్ర పట్టక ఆ ఫాలోవర్ల లిస్ట్ తెరిచి కూసున్న. ఒక్కొక్కటి నొక్కుతుంటే ఫొటో లేదు, పోస్టు లేదు, పేరు చూస్తే అక్షరాలు అంకెలు కలిపి కీబోర్డు మీద పిల్లి నడిచినట్టుంది. ఇన్‌సైట్స్ అని ఉంటది కదా, ప్రొఫెషనల్ అకౌంట్ చేసుకున్నోళ్ళకు కనపడ్తది, అండ్ల ఫాలోవర్లు ఏ ఊరి వాళ్ళు, ఎంత వయసు, ఆడా మగా అన్నీ చూపిస్తది. అది తెరిస్తే హైదరాబాద్ పేరు కింద ఎక్కడనో ఉంది, పైన ఉన్న ఊర్ల పేర్లు నేను నోరు తిప్పి పలకలేను. అండ్ల సగం కంటే ఎక్కువ మగవాళ్ళు. మగవాళ్ళు మగ్గం బ్లౌజు పేజీ ఎందుకు ఫాలో అయితరు చెప్పండి.

అడిగితే పిల్లగాడు అది సోషల్ ప్రూఫ్ మేడం, నంబర్ పెద్దగుంటే నిజమైన వాళ్ళు నమ్ముతరు అన్నడు. ఇది విని ఎవరన్నా సరే అనుకుంటరు, నేను కూడా అనుకున్న. కానీ కథ అక్కడ ఉల్టా తిరుగుతది. నిజమైన మనిషి అయితే పోస్టు చూస్తది, ఆగుతది, లైక్ కొడ్తది. ఈ ఖాళీ అకౌంట్లు ఏమీ చెయ్యవు. 640 మంది ఉన్నప్పుడు ముప్పై లైకులు, 7 వేలు ఉన్నప్పుడు కూడా ముప్పై లైకులే. నా పేజీకి వచ్చిన పెళ్ళి పిల్ల తల్లి అంతమంది ఫాలోవర్లు ఇంతేనా లైకులు అని అనుమానపడ్తది, అది ఒకటి. పోస్టు ఎవ్వరికీ పట్టట్లేదని, ఏది ఎవరికి చూపియ్యాలో లెక్కేసే ఇన్‌స్టా సిస్టం కూడా అనుకుంటది, అది ఇంకొకటి. కొన్న ఫాలోవర్లు, కొన్న లైకులు ఇన్‌స్టా రూల్స్‌కు కూడా విరుద్ధం, యాప్‌ల ద్వారా వచ్చిన ఇట్లాంటి లైకులు ఫాలోలు తీసేస్తమని వాళ్ళు 2018లనే చెప్పిన్రు. నాకు ఇదంతా 56 వేలు పోయినంక తెలిసింది.

ఇంకోటి వినండి, నవ్వొస్తది. వాళ్ళ క్లయింట్లు అందరితోని ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టిన్రు. ఎవరు పోస్టు పెట్టినా లింక్ గ్రూప్‌ల పడ్తది, అందరు పోయి లైక్ కొట్టి కామెంట్ రాయాలె. నా బ్రైడల్ బ్లౌజు కింద ఒక పంటి డాక్టరు క్లినిక్ వావ్ అమేజింగ్ అని, బోర్‌వెల్ వేసేటాయన సూపర్ సార్ అని. నేను పోయి వాళ్ళ రూట్ కెనాల్ వీడియో కింద చాలా బాగుంది అని రాసిన, పన్ను పీకేది చూసి ఏం బాగుంటది, అయినా రాసిన. దీనితోని ఏమైందంటే నా పోస్టు ఎవరికి నచ్చుతదో ఆ సిస్టంకు అర్థం కాకుండ పోయింది. చీరలు బ్లౌజులు చూసే ఆడోళ్ళకు నా రీల్ పోవాలె గదా, బోర్‌వెల్ వాళ్ళు, బిర్యానీ పాయింట్ వాళ్ళు ముందు లైక్ కొడితే అది ఇంక ఎవరికని పోతది.

పోస్టుకు ముప్పై హ్యాష్‌ట్యాగులు పెట్టేటోళ్ళు. బ్లౌజుకు సంబంధం లేనివి కూడా, క్రికెట్ మ్యాచ్ ఉంటే క్రికెట్ ట్యాగు కూడా పెట్టిన్రు ఒకసారి. ఇన్‌స్టాగ్రామ్ హెడ్ ఆడమ్ మొస్సేరినే చెప్పిండు, హ్యాష్‌ట్యాగులతోని రీచ్ పెద్దగ పెరగదని. అవి పోస్టు దేని గురించో చెప్పడానికి గంతే. దిల్‌సుఖ్‌నగర్ మగ్గం వర్క్ అని క్యాప్షన్ల మామూలు తెలుగుల రాసుకుంటే, వెతికేటోళ్ళకు దొరికే ఛాన్స్ ఎక్కువ, అదే సంగతి.

రెండో నెల రిపోర్ట్ వచ్చింది, కలర్ పీడీఎఫ్, పైన పెద్ద అక్షరాలతోని రీచ్ 1,40,000. గ్యారంటీ ఇచ్చిన లక్ష దాటేసినం మేడం అని కేక్ ఎమోజీ పెట్టిండు. నేను ఇన్‌సైట్స్ తెరిచి పక్కపక్కన పెట్టి చూసిన. ఆ 1,40,000 రీచ్ కాదు, వ్యూస్. ఈ రెండింటికి తేడా తెల్వకనే మనలాంటి వాళ్ళు మోసపోతున్నం కాబట్టి కొంచెం వివరంగ రాస్త. వ్యూస్ అంటే వీడియో ఎన్నిసార్లు ఆడిందో ఆ లెక్క, మళ్ళీ మళ్ళీ చూసినా లెక్కల పడ్తది. రీచ్ అంటే ఎంతమంది చూసిన్రో ఆ లెక్క. మా అత్తమ్మ ఒక రీల్ పదిసార్లు చూస్తే పది వ్యూస్, రీచ్ మాత్రం ఒకటే, అత్తమ్మ. ఇన్‌స్టా 2024 నుంచి అన్నిటికీ వ్యూస్‌నే ముందు చూపిస్తుంది, అండ్ల తప్పేం లేదు, రీచ్ కూడా లోపల వేరేగ చూపిస్తది. దాన్ని దీన్ని కలిపి రాసింది వీళ్ళే. మూడో నెల ఆఖరుకు నిజమైన రీచ్ కూడా లక్ష దాటింది, అది ఒప్పుకుంట. కానీ ఎవరికి? ఆ యాడ్‌ను ఇండియా మొత్తానికి పెట్టిన్రు. ఎక్కడ చవకగ దొరుకుతరో అక్కడి జనాలకు చూపించుకుంట పోయింది, నంబర్ కోసం. నాకు కాన్పూర్ నుంచి ఫోన్ వచ్చింది, హోల్‌సేల్ రేట్ క్యా హై అని. ఇంకొకాయన అయితే నేను బ్లౌజులు తయారు చేసే మిషన్ అమ్ముతున్న అనుకున్నడు.

మన వ్యాపారం ఏంది? బ్లౌజు కొలతలు తీసుకోవాలె, పట్టుచీర తెచ్చి చూపియ్యాలె, ట్రయల్‌కు ఒకసారి, తీసుకపోవడానికి ఒకసారి రావాలె. అంటే ఉప్పల్, నాగోల్, ఎల్బీనగర్, వనస్థలిపురం, మలక్‌పేట, సరూర్‌నగర్, ఈ చుట్టూ ఉన్న ఆడోళ్ళకు కనపడితే చాలు. లక్ష మంది అక్కర్లేదు నాకు, నాలుగు వేల మంది సరైన వాళ్ళు చూస్తే రెండు మగ్గాలకు ఊపిరాడదు. ఇది నేను మొదటి రోజే వాళ్ళకు చెప్పి ఉండాల్సింది, వాళ్ళు కూడా అడగాల్సింది. నీ కస్టమర్ ఎక్కడ ఉంటది అని ఒక్కరు కూడా అడగలే.

అన్నిటికంటే నాకు కోపం వచ్చింది ఆషాఢంల. మూడో నెల మొదలైంది, పిల్లగాడు ఫోన్ చేసి మేడం ఆషాఢం కదా, పెళ్ళిళ్ళు ఉండవు, ఆఫ్ సీజన్, అందుకే యాడ్స్ ఆపి శ్రావణంల పెడ్తం అన్నడు. అరే నాయనా, శ్రావణంల పెళ్ళి ఉంటే బ్లౌజు శ్రావణంల ఇస్తరా? ఒక బ్రైడల్ బ్లౌజుకు మగ్గం మీదనే పది పదిహేను రోజులు పడ్తది, జర్దోసీ ఎక్కువుంటే ఇంకా ఎక్కువ, తర్వాత కుట్టుడు, ట్రయల్. మాకు ఆర్డర్లు పడేదే ఆషాఢంల. శ్రావణం వచ్చేసరికి మేము అక్కా ఇంక తీసుకోము అని చేతులు జోడించి పంపిస్తుంటం, వరలక్ష్మీ వ్రతం ముందు వారమైతే ఫోన్ కూడా ఎత్తం. సరిగ్గ సంవత్సరంల నాకు పోస్టులు కనపడాల్సిన నాలుగు వారాలు వాళ్ళు సెలవు తీసుకున్నరు. హైదరాబాద్ల ఉండి ఆషాఢం సేల్ బోర్డులు కూడా చూడలేదా వీళ్ళు అని నాకు ఇప్పటికీ డౌటే.

పాట సంగతి చిన్నది గానీ చెప్పాలె. ట్రెండింగ్ సినిమా పాట పెట్టి ఒక రీల్ చేసిన్రు, మంచిగనే వచ్చింది, దాన్ని బూస్ట్ చేద్దామంటే, అంటే పైసలు కట్టి ఎక్కువ మందికి చూపిద్దామంటే, కాలే. కాపీరైట్ ఉన్న పాట పెట్టిన రీల్ యాడ్ లెక్క నడపనియ్యరు, అది అందరికీ తెలిసిన రూల్, డబ్బు తీసుకుని ఇదే పని చేసేటోళ్ళకు తెలియదా? ఇన్‌ఫ్లూయెన్సర్ అని ఒకామెను కూడా పట్టుకొచ్చిన్రు, ఫ్రీగ బ్లౌజు చేయించుకున్నది, పైసలు కూడా తీసుకున్నది, పోస్టుల యాడ్ అని ఎక్కడా రాయలే, 2021 నుంచి అట్ల రాయాలని, యాడ్స్ మీద కన్నేసి ఉంచే యాస్కీ అనే సంస్థ గైడ్‌లైన్ ఉంది. ఆమె ఫాలోవర్లు ఆమె మేకప్ గురించి అడిగిన్రు, బ్లౌజు గురించి ఎవ్వరూ అడగలే. వదిలేయండి.

పాస్‌వర్డ్ గురించి మాత్రం పెద్దక్షరాలతోని రాయాలని ఉంది. మొదటి రోజే ఇన్‌స్టా పాస్‌వర్డ్ అడిగిన్రు, ఇచ్చిన. మూడు నెలలు అయినంక రెన్యువల్ చెయ్యను అని చెప్పిన తెల్లారి లాగిన్ అయితే కాలే, రికవరీ మెయిల్ వాళ్ళది పెట్టుకున్నరు. నా షాపు, నా ఎనిమిదేళ్ళ ఫొటోలు, తాళం వాళ్ళ జేబుల. రోజూ ఫోన్ చేసి, ఒకసారి మా మరిదిని వెంటేసుకుని ఆఫీసుకు పోయి కూసుంటే పదహారు రోజులకు ఇచ్చిన్రు. ఇన్‌స్టా నడిపే మెటా కంపెనీదే మెటా బిజినెస్ సూట్ అని ఉంటది, అండ్ల మనం పాస్‌వర్డ్ ఇయ్యకుండనే వేరే వాళ్ళకు పని చేసే యాక్సెస్ ఇయ్యొచ్చు, వద్దనుకున్న రోజు తీసేయొచ్చు. యాడ్స్ కూడా వాళ్ళ యాడ్ అకౌంట్ నుంచే నడిపిన్రు, అంటే ఎవరు నొక్కిన్రు, ఎవరు మెసేజ్ పెట్టిన్రు ఆ డేటా అంత వాళ్ళ దగ్గరనే ఉండిపోయింది. పైసలు నావి, డేటా వాళ్ళది. ఎవరికి పని అప్పజెప్పినా యాడ్ అకౌంట్ మీ పేరు మీద ఉండాలె, మీ కార్డే పెట్టుకోండి, వాళ్ళకు యాక్సెస్ ఇయ్యండి.

ఇగ ఆ రెండు స్టార్లు ఎందుకంటే. ఒకటి, ఫొటోలు. వాళ్ళ దగ్గర ఒక కెమెరా అమ్మాయి ఉండె, బంగారం లాంటి పిల్ల. ట్యూబ్‌లైట్ కింద జరీ తీస్తే తెల్లగ పాలిపోయినట్టు వస్తది ఆంటీ, పొద్దున తొమ్మిది గంటలకు కిటికీ పక్కన పెట్టి తీయండి అని చెప్పింది. బ్లౌజును బల్ల మీద పరిచి కాదు, మనిషికి తొడిగి వీపు దిక్కు నుంచి తియ్యాలె, మగ్గం పని సగం వీపు మీదనే కదా ఉండేది అన్నది. ఆ ఒక్క ముక్కతోని నా ఫొటోలు మారిపోయినయి. రెండోది గూగుల్ మ్యాప్స్. మా షాపు పిన్ ఎన్నడో వెనక గల్లీల పడి ఉండె, కస్టమర్లు ఒక కిరాణా షాపు ముందర నిలబడి ఫోన్ చేసేటోళ్ళు. అది సరిచేసి, టైమింగ్స్ పెట్టి, మగ్గం వర్క్, బ్రైడల్ బ్లౌజ్ అని సర్వీసులు రాసి, ఫొటోలు ఎక్కించిన్రు. గూగుల్‌ల దగ్గర్ల మగ్గం వర్క్ అని కొడితే ఎవరిని చూపియ్యాలో అది మూడు చూస్తది, వెతికిన దానికి మనం సరిపోతమా, ఎంత దూరంల ఉన్నం, ఎంత పేరుంది అని. ఆ నాలుగు బ్లౌజుల ఆర్డర్లు వచ్చినయి అన్న కదా, అండ్ల మూడు మ్యాప్స్ నుంచి వచ్చినయే, ఇన్‌స్టా నుంచి ఒక్కటే. యాభై ఫైవ్ స్టార్ రివ్యూలు మేమే రాయిస్తం మేడం అని కూడా అన్నరు, అది మాత్రం వద్దన్న, నాకే సిగ్గనిపించింది. లెక్క వేసుకోండి, 56,640 బై నాలుగు, ఒక్కో బ్లౌజుకు 14,160 పడ్డది. నా బ్లౌజు సగటు రేటే నాలుగున్నర వేలు.

ఏజెన్సీ పోయినంక ఏం చేసిన్నంటే, మా గల్లీలనే ఒక పిల్లగాడు ఉన్నడు, డిగ్రీ సెకండియర్, వాళ్ళమ్మ మా కస్టమరే. రీల్‌కు 400 ఇస్త. ఫోన్లనే తీస్తడు, ఇన్‌స్టా వాళ్ళదే ఎడిట్స్ అని యాప్ వచ్చింది 2025ల, అండ్లనే కట్ చేస్తడు. వాడు మొదటి రోజే ఒక మాట అన్నడు, ఆంటీ లైకులు పక్కన పెట్టు, ఇది చూసి ఒకామె ఇంకొకామెకు పంపాలె, అట్లాంటిది ఏముంది నీ దగ్గర అని. మొస్సేరి కూడా ఇదే చెప్పిండంట 2025 జనవరిల, ఎంతసేపు చూసిన్రు, ఎంతమంది లైక్ కొట్టిన్రు, ఎంతమంది వేరేవాళ్ళకు పంపిన్రు, ఈ మూడే ముఖ్యం, అండ్ల మనల్ని ఫాలో కాని కొత్తవాళ్ళకు చేరాలంటే ఆ పంపుడు ఇంకా ముఖ్యమని.

నేను ఆలోచించి ఆలోచించి ఒకటి చెప్పిన. మా దగ్గరికి నెలకు పది మంది వస్తరు, పెళ్ళి అయి ఐదారేళ్ళు అయితది, ఇద్దరు పిల్లలు, మరిది పెళ్ళో తమ్ముడి పెళ్ళో వస్తది, బీరువాల పెళ్ళి బ్లౌజు ఉంటది, పన్నెండు వేలు పెట్టి చేయించినది, ఇప్పుడు చెయ్యి కూడా దూరదు. దాన్ని పట్టుకుని ఏడుపు మొహంతోని వస్తరు. మేము సైడు కుట్లు విప్పి, లోపల మార్జిన్ ఉంటే వదులుతం, లేకపోతే అదే రంగు బట్ట వెతికి తెచ్చి చంక కింద పట్టీ వేసి, పూసలు తెగిన కాడ మళ్ళీ ఎక్కిస్తం, తొడుక్కుంటే ఎక్కడ అతికిందో దొరకదు. ఇది రీల్ తీద్దాం అన్న. వాడు ఎగిరి గంతేసిండు.

మొదటి మూడు సెకన్లు బ్లౌజు హుక్కులు పెట్టడానికి ఇద్దరు కలిసి గుంజుతుంటే తీసిండు, మా టైలరక్కనే యాక్టింగ్ చేసింది, ఆమె నవ్వు ఆపుకోలేక పోతుంటే అదే ఉంచిండు. పాట లేదు, నా గొంతే, నా మాట ఎట్లుంటదో అట్లనే. ఆఖర్ల షాపు ఎక్కడుందో, రిపేర్‌కు 600 నుంచి మొదలు అని రేటు. రేటు చెప్పుడు గురించి ఏజెన్సీ వాళ్ళు వద్దే వద్దు, డీఎం ఫర్ ప్రైస్, అంటే రేటు కోసం మెసేజ్ పెట్టండి, అని పెట్టాలె అనేటోళ్ళు. రేటు దాచి పెడితే అడగడానికి మొహమాటపడి సగం మంది పోతరు, నేనైతే పోత.

ఆ రీల్ రెండు రోజులు సప్పుడు చెయ్యలే. 900 వ్యూస్ కాడ ఆగింది, నేను కూడా పోనీ అనుకున్న. మూడో రోజు రాత్రి నుంచి కదిలింది. లైకులు పెద్దగ లేవు, 300 చిల్లర, కానీ పంపినోళ్ళు 1,100. ఎవరికి పంపుకుంటరో కింద కామెంట్లు చూస్తే తెలిసింది, వదినా ఇది నీకే, అక్కా నీ గులాబి బ్లౌజు గుర్తుందా, ఒసేయ్ మనం వచ్చే వారం పోదాం. మొత్తం 38 వేల వ్యూస్, ఏజెన్సీ నంబర్‌తోని పోలిస్తే ఎందుకూ పనికిరాదు. ఆ పది రోజులల్ల షాపుకు 27 బ్లౌజులు వచ్చినయి రిపేర్‌కు, అండ్ల ఆరుగురు కొత్త బ్లౌజు కూడా చెప్పిపోయిన్రు.

తర్వాత దానికే నేను సొంతంగ బూస్ట్ పెట్టిన, ఇది కూడా చెప్పాలె ఎందుకంటే బూస్ట్ అంటే దండుగ అని కొంతమంది అంటున్నరు. మొదటిసారి నేను కూడా దండుగ చేసిన, తప్పు నాదే, ఆటోమేటిక్ అని వదిలేసి ఐదొందలు పోగొట్టుకున్న. రెండోసారి షాపు అడ్రస్ పెట్టి చుట్టూ 8 కిలోమీటర్లు, ఆడవాళ్ళు, 24 నుంచి 45 ఏళ్ళు, నొక్కితే నేరుగ వాట్సాప్ తెరుచుకునేటట్టు. రోజుకు 300, పది రోజులు, 18 శాతం జీఎస్టీతోని 3,540. వాట్సాప్‌ల 41 మంది అడిగిన్రు, 9 మంది వచ్చిన్రు. పది రోజుల్లో ఫాలోవర్లు పెరిగింది ముప్పై మంది ఏమో. ఆ 9 మందిల ఒకామె కూతురి పెళ్ళికి ఐదు బ్లౌజులు ఇచ్చింది, 31 వేల ఆర్డరు. ముందుగాల పైసలు పెట్టకుండ వదిలి, జనానికి నచ్చిన రీల్‌నే బూస్ట్ చెయ్యాలె, నచ్చని దాని మీద పైసలు పోస్తే తడిసిన కట్టెకు కిరోసిన్ పోసినట్టే, పోసినంతసేపే మండుతది.

ఆ 6 వేల ఖాళీ ఫాలోవర్లు ఇంకా ఉన్నరు నా పేజీల. పొద్దున కారీగర్లకు చాయ్ వచ్చేలోపు రోజుకు ఒక యాభై మందిని తీసేస్తున్న, చేత్తోనే, పూసలు ఏరినట్టు. మా ఆయన మేనమామ గుడ్ మార్నింగ్ మాత్రం ఉంచిన, ఆయన అయితే నిజమైన మనిషి.

పోయిన వారం ఏజెన్సీ పిల్లగాడు మళ్ళీ ఫోన్ చేసిండు, మేడం మీ రిపేర్ రీల్ చూసినం, బాగా పోయింది, దాన్ని మా పోర్ట్‌ఫోలియోల పెట్టుకోవచ్చా అని. నేను ఫోన్ చెవికాడ పెట్టుకుని జవాబు చెప్పేలోపు వనస్థలిపురం నుంచి ఒకామె కవర్ పట్టుకుని లోపలికొచ్చింది, మొహం గంటుపెట్టుకుని. మా వదిన పంపింది మీ వీడియో, ఫ్యామిలీ గ్రూప్‌ల, అందరు చూస్తుండగ, నా పేరు పెట్టి మరీ పంపింది అన్నది. వదిన మీద కోపం అట్లనే ఉంది గానీ కవర్ల నుంచి బ్లౌజు తీసి బల్ల మీద పెట్టింది, మెరూన్ పట్టు, నెమళ్ళ వర్క్, లోపల ఇంచున్నర మార్జిన్ ఉంది, ఎవరో తెలివైన టైలరే కుట్టిండు. మంగళవారం ఇస్త అని చెప్పిన.